మా హోటల్లో సమానత్వం ట్రైనింగ్: నా అనుభవం

నిన్ననే అయింది. ఒళ్ళు మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

విజయనగరంలో ఒక రెస్టారెంట్లో క్యాష్ కౌంటర్ చూస్తాను. పనిచోట వివక్ష ఉండకూడదని మేనేజ్‌మెంట్ వైజాగ్ నుంచి ఒక ట్రైనర్ మేడమ్‌ని పిలిపించింది. సంతకాలు, గ్రూప్ ఫొటో, టీ చకచకా అయిపోయాయి. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం గురించి ఆవిడ బాగానే చెప్పారు. పదిమంది, అంతకుమించి పనిచేసే చోటల్లా అంతర్గత కమిటీ ఉండాలట, దానికి ఆడమనిషే పెద్దట, కమిటీ వివరాలు అందరికీ కనపడేలా పెట్టాలట.

తర్వాత మనసు విప్పి మాట్లాడమన్నారు. వంటమాస్టారు లేచి, "మా దగ్గర కులం గిలం ఏటీ లేదు మేడమ్, అందరం ఒక్క కుటుంబం" అన్నారు. అందరూ చప్పట్లు. గిన్నెలు తోమే అక్క మాత్రం కొట్టలేదు. ఆమె టీ గ్లాసు సింకు కింద విడిగా ఉంటుంది. మిగతావాటిలో కలిసిపోకుండా దాని అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టించింది ఆ మాస్టారే.

వివక్ష ఎదుర్కొన్నవాళ్ళు లేచి చెప్పమన్నారు మేడమ్. ఎవరూ లేవలేదు. అప్పుడు ఆఫీసు ఇచ్చిన కాగితం చూసి సీతంపేట నుంచి వచ్చిన సవర తెగ కుర్రాడి పేరు, నా పేరు పిలిచారు. ఆ కాగితంలో మా కేటగిరీలు ఉన్నాయి! పార్సిల్ కౌంటర్ వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కుర్రాడు నేల చూపులు చూస్తున్నాడు. నా కులం చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కానీ ఎప్పుడు, ఎవరికి చెప్పాలో తేల్చుకోవాల్సింది నేను. నలుగురిలో నిలబెట్టి చెప్పించడం ఏ సమానత్వం?

నేను నా కథ చెప్పలేదు. లోపలికెళ్ళి ఆ గ్లాసు తెచ్చి టేబుల్ మీద బోర్లించాను. "హోటళ్ళలోకి రాకుండా కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో ఉంది. అంటరానితనాన్ని 17వది రద్దు చేసింది. కస్టమర్‌కి ఉన్న మర్యాద మన అక్కకి లేదా?" అన్నాను. గొంతు వణకలేదు, అందుకు ఇప్పటికీ గర్వంగానే ఉంది.

"అది శుభ్రత కోసమమ్మా" అన్నారు మాస్టారు. హోటల్లో గ్లాసులన్నీ కడిగేది ఆ అక్కే. శుభ్రత గురించి ఆమెకా చెప్పేది?

మీ దగ్గర ఇలాంటి ట్రైనింగ్ పెడితే, మీ కులం వివరాలు ట్రైనర్‌కి ఎందుకిస్తున్నారో ముందే ఆఫీసుని అడగండి. మా ఆఫీసువాళ్ళని నేనైతే ఇక నమ్మను.

ఓనర్ గారు అందరికీ ఒకే గ్లాసులన్నారు. పొద్దున్న అక్క టీ వాటిలోనే తాగింది. మాస్టారు నాతో మాట్లాడటం మానేశారు, మానేయనీ. కమిటీ పేర్లు మాత్రం ఇంకా గోడెక్కలేదు. సోమవారం కాగితం మీద రాసి అడుగుతాను, అందిందని సంతకం కూడా తీసుకుంటాను.