లైటు వెలుగుతున్న బండి

అడగకముందే తన బండికి ఉన్న జబ్బు చెప్పేసే మనిషిని నమ్మాలా, అనుమానించాలా? మన దగ్గరైతే అనుమానిస్తాం. చిన్న జబ్బు చెప్పాడంటే పెద్దదేదో దాస్తున్నాడని లెక్క. నేనూ అదే లెక్క మనసులో పెట్టుకుని, ఒక పాత పికప్ చూడ్డానికి టెక్సస్‌లోని డెంటన్ నుంచి గెయిన్స్‌విల్ వెళ్ళాను.

నాది ఫ్లోరింగ్ పని. టైల్స్ పెట్టెలు, సిమెంట్ బస్తాలు, కటింగ్ మెషిన్ అన్నీ కారు డిక్కీలో కుక్కి తిరుగుతుంటే స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ కింద నేలకి తగిలేది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళ ముందు కామ్రీ ఉంటుంది, ఒడిస్సీ ఉంటుంది, ఈమధ్య టెస్లా ఉంటుంది. పాత పికప్ కొంటానంటే "ఏంటన్నా, బర్రెల ఫారం పెడుతున్నావా?" అన్నాడు పక్క అపార్ట్‌మెంట్ తమ్ముడు. కొత్తది కొనే స్తోమత నాకు లేదు. అప్పు చేసి కొన్నా, నెలవాయిదాలకే సగం సంపాదన పోతుంది. అందుకే 2005 మోడల్, వీ8 ఇంజిన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్ బండి ఒకటి చూసుకున్నాను. అప్పటికే లక్షా తొంభై వేల మైళ్ళు తిరిగింది.

అమ్మేది ఒక రిటైరైన పెద్దాయన. అడ్రస్ కోసం మెసేజ్ పెడితే, అడ్రస్ కంటే ముందు ఇది వచ్చింది: "చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. ట్రాన్స్‌మిషన్, అంటే గేర్ బాక్సు, తేడాగా ఉందని కంప్యూటర్ చూపించే కోడ్ అది. హైవే మీద అరగంట నడిపి చూడకుండా కొనొద్దు. మీది డెంటన్ కౌంటీ అంటున్నారు కాబట్టి, ఆ లైటుతో వెళ్తే ఎమిషన్స్ టెస్టులో, అంటే పొగ పరీక్షలో, ఫెయిల్ చేస్తారు."

ఆ చివరి మాట ఆయన చెప్పాల్సిన అవసరమే లేదు. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు ఏటేటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. కొన్ని కౌంటీల్లో మాత్రం ఎమిషన్స్ టెస్టు ఇంకా ఉంది, అదీ రెండేళ్ళ నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసున్న పెట్రోలు బండ్లకి. డెంటన్ ఆ లిస్టులో ఉంది. ఆయనుండే కుక్ కౌంటీ లేదు. కాబట్టి ఆ లైటు ఆయనకి పెద్ద సమస్య కాదు, ఎన్నేళ్ళైనా అలాగే తిరగొచ్చు. నాకు మాత్రం రిజిస్ట్రేషన్ దగ్గర బండి ఆగిపోతుంది.

మెసేజ్ చదివాక నా అనుమానం ఇంకాస్త పెరిగింది.

వెళ్ళగానే గేర్ బాక్సు ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తీశాను. ఈ రకం ఆటోమేటిక్‌కి ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పార్క్‌లో పెట్టి, ఆయిల్ వేడెక్కాక చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే లెవెల్ తప్పు చూపిస్తుంది. తెల్ల పేపర్ టవల్ మీద ఒక చుక్క వేశాను. ఎరుపు కాస్త ముదిరింది గానీ గోధుమ రంగులోకి తిరగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడు వాసన లేదు. క్లచ్ ప్లేట్లు కాలిపోయి ఉంటే ఆ వాసన దాచడం ఎవరి తరమూ కాదు.

తర్వాత ఐ-35 ఎక్కి శాంగర్ వైపు. మొదటి పది నిమిషాలు బండి పువ్వులా వెళ్ళింది. యాభై మైళ్ళ దగ్గర యాక్సిలరేటర్ కదపకుండా ఉంచి, ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ని ఊరికే తాకాను. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు కొంచెం పైకి లేచింది. కాలు తీస్తే మళ్ళీ కిందికి దిగింది. అంటే టార్క్ కన్వర్టర్ లోపలి క్లచ్ పడుతోంది, వదులుతోంది. ఇంజిన్‌కీ గేర్ బాక్సుకీ మధ్య ఆయిల్‌తో నడిచే జోడు ఈ కన్వర్టర్. స్పీడు అందుకున్నాక దానిలోని క్లచ్ పట్టేసి రెండింటినీ ఒకే ముక్కలా తిప్పుతుంది. అప్పుడే పెట్రోలూ కలిసొస్తుంది, వేడీ తగ్గుతుంది.

ఇరవై నిమిషాలు దాటాక అసలు రంగు బయటపడింది. స్పీడు డెబ్భై దగ్గర కదలకుండా ఉంది, ముల్లు మాత్రం ఊగుతోంది. వంద పైకి, వంద కిందికి. పట్టిన క్లచ్ జారుతోందన్నమాట. ఎగ్జిట్ తీసుకుని సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరితే, ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టు కొట్టింది. కోడ్‌లు చదివే ఇరవై డాలర్ల స్కానర్ పెట్టి చూస్తే పీ0894. ట్రాన్స్‌మిషన్‌లో ఏదో జారుతోందని కంప్యూటర్ ఫిర్యాదు. జారుతోందని తెలియగానే అది ఆయిల్ ప్రెజర్‌ని అమాంతం పెంచేస్తుంది, ఆ తన్ను అందుకే.

ఇలాంటప్పుడు చాలాసార్లు దోషం క్లచ్‌ది కాదు, దానికి ఆయిల్ ప్రెజర్ పంపే వాల్వ్ బాడీది. అల్యూమినియం దిమ్మలో సన్నటి కాలువలు, వాటిలో అటూ ఇటూ కదిలే స్టీలు వాల్వులు. ఏళ్ళ తరబడి కదిలి కదిలి రంధ్రం అరిగిపోతే, వాషర్ పోయిన కుళాయిలా ఆయిల్ పక్కనుంచి జారిపోతుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి మొదట తెలియదు. వేడెక్కి పలచబడ్డాక క్లచ్‌ని గట్టిగా నొక్కే ప్రెజర్ మిగలదు. ఆయన అరగంట నడపమన్నది ఇందుకే. పది నిమిషాలు నడిపి "బాగుంది" అని డబ్బులిచ్చేసి ఉంటే ఆయనకి వచ్చే నష్టమేమీ లేదు.

అయినా ఇంకొకరి నోట వినాలనిపించింది. నా కారు తాళాలు ఆయన దగ్గర పెట్టి, బండిని డెంటన్‌లో ఒక ట్రాన్స్‌మిషన్ షాపుకి తీసుకెళ్ళాను. ఫీజు తీసుకుని ఒక పేజీ ప్రింట్ ఇచ్చారు. వేడి మీద స్లిప్ అవుతోంది, ఆయిల్ పరిస్థితి ఫరవాలేదు, రీబిల్డ్ సిఫార్సు. రీబిల్డ్ అంటే గేర్ బాక్సు మొత్తం విప్పి బాగుచేయడం, మూడు వేల డాలర్ల పైమాట. "వాల్వ్ బాడీ ఒక్కటి మారిస్తే చాలదా?" అన్నాను. చాలొచ్చు, చాలకపోవచ్చు అన్నాడు అక్కడి మెకానిక్. "మీరైతే కొంటారా?" అన్నాను. "అది మీ నిర్ణయం సార్" అన్నాడు.

ఈ మాటతోనే నాకు ఈ దేశంలో పేచీ. డాక్టరూ అంతే, బ్యాంకు మనిషీ అంతే. సమాచారం దండిగా ఇస్తారు, ప్రింట్ తీసి మరీ ఇస్తారు. కొనమని గానీ వద్దని గానీ ఒక్కరూ అనరు. అలా అంటే రేపు బాధ్యత తమ మీద పడుతుందని భయం. ఆటోనగర్‌లో అయితే మనతో వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి, చెవి పెట్టి విని, "పదన్నా, టీ తాగుదాం" అంటాడు. అంతే, బేరం రద్దు. ఎందుకని అడగం. వాడి మాట తప్పితే మళ్ళీ వాడినే పట్టుకుని తిడతాం, వాడూ పడతాడు. ఇక్కడ తిట్టడానికి మనిషి దొరకడు. ఎంత పెద్ద నిర్ణయమైనా పార్కింగ్ లాట్‌లో ఒంటరిగా నిలబడి తీసుకోవాలి.

గెయిన్స్‌విల్ తిరిగొచ్చి బేరం మొదలుపెట్టాను. ఆయన అడుగుతున్నది 4,800. నేను బానెట్ మీద రంగు పోయిందన్నాను. డాష్‌బోర్డు పగిలిందన్నాను. వెనక డోరు సొట్ట చూపించాను. 3,500 అన్నాను.

ఆయన కాసేపు నా వంక చూసి అన్నాడు: "ఆ సొట్టతో నీకు పనిలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. టైల్స్ మోయడానికి కొంటున్నావు. అసలు దోషం నేనే చెప్పాను, ధర దాన్ని చూసే పెట్టాను. నీకు నిజం చెప్పిన మనిషితో ఇలా మాట్లాడతారా?"

చెంపమీద కొట్టినట్టయింది. బేరం అంటే అబద్ధం కాదని ఆయనకి ఎలా చెప్పను? మన దగ్గర అమ్మేవాడు బేరం కోసమే కొంత కలిపి చెప్తాడు, కొనేవాడు తీసేయడం కోసమే వంకలు పెడతాడు. అదొక మర్యాద. చెప్పిన ధరకి నోరెత్తకుండా కొనుక్కుని వెళ్తే ఇంట్లో అన్నం పెట్టరు. పైగా ఆయన నిజాయితీ ఊరికే వచ్చిందా? ఇక్కడ ఇద్దరు మనుషుల మధ్య అమ్మకం "యాజ్ ఈజ్", ఉన్నది ఉన్నట్టు. కొన్నాక ఏం పోయినా నీ ఖర్మ. కానీ తెలిసీ దాచాడని రుజువైతే ఆ మాట అమ్మినవాడిని కాపాడదు. ముందే చెప్పేస్తే ఆయనకే క్షేమం. దారి పొడవునా ఇలా వాదించుకున్నాను, నాతో నేనే. ఇరవై ఏళ్ళ బండి కోసం కోర్టుకెళ్ళేవాడు ఎక్కడుంటాడు? అది ఆయనకి తెలియదా?

తిట్టాక ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. దాన్ని నేను వాదనలో ఎక్కడా ఇరికించలేకపోయాను. "క్లచ్‌లు పోయుంటే ఆయిల్ మాడేది. రీబిల్డ్‌కి తొందరపడకు, ముందు వాల్వ్ బాడీ తీయించు. నీ పనికి ఈ బండి చాలు. కొనుక్కో."

కొనుక్కో. ఆ రోజు మొత్తంలో నాకు ఆ మాట చెప్పింది అమ్మేవాడొక్కడే. 4,600కి ఇచ్చాడు. తగ్గించిన రెండొందలు సొట్టకి కాదు, షాపు ఫీజుకి అని గట్టిగా చెప్పి మరీ తగ్గించాడు. 2010, అంతకు ముందు మోడళ్ళకి ఓడోమీటర్ రీడింగ్ ప్రకటించాలన్న రూలు ఇప్పుడు వర్తించదు. అయినా అమ్మకం కాగితం మీద చివరి మైలు వరకు రాశాడు.

వాల్వ్ బాడీ విప్పితే రంధ్రం అరిగే ఉంది. దాన్ని రీమ్ చేసి, అంటే గుండ్రంగా కాస్త పెద్దది చేసి, కొంచెం పెద్ద సైజు వాల్వ్ వేశారు. రీబిల్డ్ ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు. కోడ్ తుడిచాక వెంటనే టెస్టుకి వెళ్ళలేదు. తుడిచిన బండిలో రెడీనెస్ మానిటర్లు, అంటే పొగకి సంబంధించిన భాగాల్ని కంప్యూటర్ తానే పరీక్షించి పెట్టుకునే లెక్కలు, అన్నీ ఖాళీ అయిపోతాయి, కొన్నాళ్ళు నడిస్తే గానీ నిండవు. ఈ మోడల్‌కి ఒకటి మించి ఖాళీగా ఉంటే పాస్ చేయరు. నిండాక వెళ్ళాను, పాసైంది. ముల్లు ఇప్పుడు డెబ్భై దగ్గర ఊగడం లేదు.

మొన్న ఆ బర్రెల ఫారం తమ్ముడే ఫోన్ చేశాడు. "అన్నా, ఒక సెకండ్ హ్యాండ్ వ్యాన్ చూశా, లైటు గీటు ఏమీ లేదు, సూపర్‌గా ఉంది, వచ్చి చూస్తావా?" స్కానర్ పట్టుకుని వెళ్ళాను. కోడ్‌లు ఏమీ లేవు. మానిటర్లు దాదాపు అన్నీ ఖాళీ. ఈమధ్యే ఎవరో తుడిచారు. అమ్మే అతను పక్కనే నిలబడి కారణాలు చెప్తున్నాడు, బ్యాటరీ మార్చామని ఏదో.

"వద్దురా" అన్నాను, అతని ఎదురుగానే, తెలుగులో. తమ్ముడు ఎందుకని అడగలేదు.