పంపు జేబులో, మందు నాలుక మీద

కొండపి చుట్టుపక్కల పొగాకు బ్యారన్ల (పచ్చాకు ఆరబెట్టే గదుల) దగ్గర మంట వేసేవాళ్లు దగ్గును జబ్బు కింద లెక్కేయరు. పచ్చాకు రంగు తిరిగి ఈనె ఎండేదాకా ఆరేడు రోజులు కట్టెల మంట ఆరకూడదు. ఇరవై సీజన్లు నేనూ ఆ పొయ్యి ముందే కూర్చున్నా, చేతిలో బీడీతో. ఊపిరితిత్తులు పాడైంది బీడీతోనా, కట్టెల పొగతోనా అని డాక్టరునడిగితే, రెండూ కలిసే అన్నారు.

జబ్బు పేరు తెలిసేముందు రెండేళ్లు దగ్గు సీసాలతోనే గడిచింది. ఎక్స్‌రే బాగుందని పంపేసిన చోట స్పైరోమెట్రీ, అంటే ఊపిరి ఊదించి కొలిచే పరీక్ష, మాటే ఎత్తలేదు. నాకున్న సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలపు జబ్బు, మొదట్లో ఎక్స్‌రేలో దొరకదు. స్పైరోమెట్రీలో అయితే మందు పీల్పించి, పావుగంట ఆగి, గొట్టంలోకి బలంగా ఊదిస్తారు. మొదటి సెకనులో వచ్చిన గాలిని మొత్తం ఊదిన గాలితో భాగిస్తే 0.70 కన్నా తక్కువ వస్తే జబ్బున్నట్టే. నాది 0.56. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో దీనితో పోయినవాళ్లు సుమారు 35 లక్షల మంది. మన దగ్గర మాత్రం ఇంకా 'వయసు ఆయాసం' అనే పిలుస్తున్నాం.

ఇక పంపు, అంటే నొక్కి మందు పీల్చే ఇన్‌హేలర్. కొన్న మూడు నెలలకీ పిల్లికూతలు తగ్గలేదంటే తప్పు మందుది కాదు, నాది. నొక్కాక పీల్చేవాణ్ణి, అదీ ఒక్క గుటకలో. మందంతా నాలుక మీదే పడేది. చేయాల్సింది ఇలా: పంపును బాగా కదిపి, ఊపిరి మొత్తం వదిలి, పెదాలు బిగించి, పీల్చడం మొదలుపెడుతూ ఒక్కసారి నొక్కి, నెమ్మదిగా నాలుగైదు సెకన్లు లాగాలి. తర్వాత పది సెకన్లు బిగబట్టాలి. రెండో నొక్కుకు అర నిమిషం ఆగాలి. ఇది కుదరనివాళ్లకు స్పేసరే (పంపుకు తగిలించే బోలు గొట్టం) దిక్కు. దాన్ని సబ్బునీళ్లలో ముంచి తీసి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే లోపల మందు గోడలకే అంటుకుంటుంది.

క్యాప్సూల్ పెట్టి పీల్చే రోటాహేలర్‌కు మాత్రం ఇదంతా తిరగబడుతుంది: గట్టిగా, వేగంగా లాగాలి. నాకు తెలిసిన ఒకాయన ఆ క్యాప్సూల్‌ను మంచినీళ్లతో మింగుతుండేవాడు! స్టెరాయిడ్ ఉన్న మందు పీల్చాక పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నోట్లో తెల్లపూత కడుతుంది. 200 నొక్కుల డబ్బాను రోజుకు నాలుగు నొక్కులు వాడితే యాభై రోజులు. మా ఆవిడ క్యాలెండర్ మీద గీతలు పెడుతుంది. డబ్బా ఊపి చూస్తే ఖాళీ అయిందో లేదో తెలియదు, మందు అయిపోయినా దాన్ని తోసే వాయువు లోపల ఇంకా కదులుతూనే ఉంటుంది.

మందు సరిగ్గా అందాక నడక మొదలెట్టా. ముక్కుతో రెండంకెలు పీల్చి, ఈల వేసినట్టు పెదాలు ముడిచి నాలుగంకెలు వదలడం. మెట్టెక్కేటప్పుడు, నీళ్ల బిందె ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. రెండు నెలలకు బజారు దాకా మధ్యలో ఆగకుండా నడవగలిగా. పాడైన ఊపిరితిత్తి మళ్లీ మామూలవదు, కాళ్ల కండలు మాత్రం తక్కువ గాలితో ఎక్కువ పని చేయడం నేర్చుకుంటాయి.

గళ్ల (కఫం) పెరిగినా, పసుపో ఆకుపచ్చో తిరిగినా, ఆయాసం ఒక్కసారిగా ఎక్కువైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఆక్సిజన్ పెడితే వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్‌లో 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలని డాక్టరు చెప్పారు. వందకు లాగాలని మనవాళ్లు ట్యాప్ తిప్పేస్తారు, ముదిరిన కొందరికి అది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెంచి మగత తెస్తుంది.

ఈ సీజన్‌కు మంట పని మానేశా. బీడీ ముందే పోయింది. ఇంటి వెనక కట్టెల పొయ్యి ఒక్కటి మిగిలింది, నీళ్లు కాచుకోవడానికి. దానికీ గ్యాసే పెట్టించమని మా ఆవిడతో ఇంకా వాదన నడుస్తోంది.