బయోస్ అప్‌డేట్: 40 శాతం దగ్గర కరెంటు పోయింది

పోయిన ఆదివారం దాకా నా కంప్యూటర్ శుభ్రంగా పనిచేసేది. ఊరికే ఉండలేక పాత ప్రాసెసర్ రైజెన్ 5 2600 తీసేసి 5600 వేద్దామనుకున్నాను. నా బీ450 మదర్‌బోర్డు దాన్ని గుర్తుపట్టాలంటే ముందు బయోస్, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డులోని సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేయాలి. మోడల్, రివిజన్ సరిచూసుకుని ఫైలు దించుకోవడం, పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయడం పావుగంట పని.

అప్‌డేట్ మొదలై 40 శాతం దగ్గర ఉండగా గాలివాన, కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కానీ ఫ్యాన్లకీ లైట్లకే. నెత్తి మీద ఫ్యాను చల్లగా తిరుగుతోంది, ఎదురుగా కంప్యూటర్ చచ్చిపడి ఉంది.

కరెంటు వచ్చాక చూస్తే తెర మీద ఏమీ రాదు. బోర్డు మీది బ్యాటరీ పీకి మళ్ళీ పెట్టాను. దాంతో సెట్టింగులే చెరుగుతాయి, సగం రాసి ఆగిపోయిన బయోస్ బాగుపడదు. కొన్ని బోర్డులకు వెనకాల ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది, పెన్‌డ్రైవ్ పెట్టి అది నొక్కితే మళ్ళీ రాసుకుంటుంది. చవగ్గా వస్తోందని నేను కొన్న బోర్డుకు అది లేదు.

సోమవారం బోర్డు పట్టుకుని కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళాను. మొదటి షాపతను కవరు కూడా విప్పలేదు. "బయోసా? ఎవరు చేయమన్నారు సార్? యూట్యూబ్ చూసి చేశారా?" అని షాపంతా వినబడేలా అడిగాడు. హెడ్‌ఫోన్లు బేరమాడుతున్న కుర్రాళ్ళు కూడా తిరిగి చూశారు. "ఏం చదువుకున్నారు సార్ మీరు?" అన్నాడు మళ్ళీ. ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్ ముందే బతుకుతున్నవాణ్ణి, నోట మాట రాలేదు. "బోర్డు డెడ్. ఏడున్నర వేలు, కొత్తది వేసుకోండి." విప్పి చూడకుండా డెడ్ అనే షాపులో చార్జర్ కూడా కొనకండి.

తల దించుకుని వచ్చేస్తుంటే సెల్లార్‌లో 'చిప్ లెవెల్ సర్వీస్' బోర్డు కనిపించింది. అక్కడి కుర్రాడు, "చిప్పు మళ్ళీ ప్రోగ్రాం చేస్తే చాలన్నా, కూర్చో" అన్నాడు. కందిగింజ కన్నా కాస్త పెద్దది, ఎనిమిది కాళ్ళ చిప్పు. దానికి బట్టల క్లిప్పులాంటిది తగిలించాడు, ఎర్ర వైరు చుక్క ఉన్న వైపుకి. మధ్యలో చిన్న ముక్కేదో పెడుతుంటే ఏంటని అడిగాను. చిప్పులో రాసే పరికరం, అంటే ప్రోగ్రామర్, 3.3 వోల్టులు ఇస్తుందట, ఈ చిప్పుది 1.8. నేరుగా ఇస్తే చిప్పు పోతుందట. ముందు పాత డేటా చదివి దాచాడు, నెట్‌వర్క్‌లో బోర్డును గుర్తుపట్టే లాన్ మ్యాక్ అడ్రస్ అందులోనే ఉంటుందని. తర్వాత 16 ఎంబీ రాసి సరిచూశాడు. తెర వెలిగింది. ఆరొందలు తీసుకున్నాడు, ఇంకో వంద నేనే ఇచ్చాను. బోర్డు చేత్తో పట్టుకుని మొదటి షాపు ముందునుంచే నడిచాను, రెండుసార్లు.

ఇంటికొచ్చి 5600 బిగిస్తే తెర మీద కొత్త హెచ్చరిక: సీపీయూ మారింది, ఎఫ్‌టీపీఎం (తాళాల కీలు దాచే భద్రతా భాగం) రీసెట్ చేయాలా, బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ కావాలి. ముందే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి పెట్టుకోవాలని ఎవడు చెప్పాడు? ఫోన్‌లో నా మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే కీ దొరికింది, బతికిపోయాను. 48 అంకెలు. మా ఆవిడ ఫోన్ పట్టుకుని ఆరేసి చొప్పున చదువుతుంటే నేను కొడుతున్నాను.

ఐదో గుంపు దగ్గర ఆగి, "పాతది బానే పనిచేసేది కదండీ?" అంది.

"తర్వాతది చదువు" అన్నాను.