బాతు పిల్లలకు కాపలా నేల దగ్గరే కావాలి

కోళ్లు పెంచిన అలవాటుతో బాతులు మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటారు. చీకటి పడేవేళకు కోడి తనంతట తానే గూటికి చేరి, ఎత్తుగా ఉన్న కర్ర ఎక్కి కూర్చుంటుంది. బాతు అలా కాదు. పొద్దుగూకినా నీళ్ల దగ్గరో బురదలోనో ముక్కుతో కెలుకుతూనే ఉంటుంది, నిద్రొస్తే నేల మీదే ఒదిగిపోతుంది. పిల్లలైతే మరీనూ. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఏ మూలకో చేరి, జాలీకి ఆనుకుని పడుకుంటాయి. అందుకే బాతుల దొడ్డిలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది నేల నుంచి మోకాలెత్తు వరకు ఉన్న భాగాన్ని.

ముందు వయసు సంగతి. మొదటి వారం పిల్లలకు దాదాపు 32 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. రెండు మూడు వారాలు నిండాక, ఎండ బాగున్న పగటివేళ కాసేపు బయట వదలొచ్చు. రాత్రి బయట ఉంచడం మాత్రం ఒంటి నిండా ఈకలు వచ్చాకే, అంటే సుమారు 7, 8 వారాలకు. అప్పటిదాకా పిల్లి, కాకి, గద్ద, ముంగిస, పందికొక్కు, పాము, అన్నిటికీ అవి నోట పట్టేంత చిన్నవే. పెద్ద బాతు జోలికి రాని కాకి కూడా వారం పిల్లను ఎత్తుకుపోగలదు.

ఇక జాలీ. ఆరు కోణాల కళ్లు, అంటే రంధ్రాలు ఉండే సన్నటి కోళ్ల వల పిల్లలు బయటికి పోకుండా ఆపుతుంది తప్ప కుక్క లోపలికి రాకుండా ఆపలేదు. గట్టి కుక్క దాన్ని పళ్లతో చీల్చేస్తుంది, ఎలుక దాని కళ్లలోంచే దూరిపోతుంది. కావలసింది 12 మిల్లీమీటర్ల కన్ను ఉన్న, జింకు పూత వేసిన వెల్డెడ్ మెష్, అంటే తీగలు కలిసేచోటల్లా అతికించిన గట్టి జాలీ. పాముల బెడద ఉంటే కింది రెండడుగులకు 6 మిల్లీమీటర్ల మెష్ వేయాలి.

అయితే జాలీ ఎంత మంచిదైనా, అది ఒక్కటే ఉంటే చాలదు. కన్ను కాస్త పెద్దదైతే జాలీకి ఆనుకుని నిద్రపోయే పిల్లను పిల్లి బయటినుంచి పంజాతో పట్టి లాగుతుంది. తెల్లారి చూస్తే తలుపు వేసినట్టే ఉంటుంది, జాలీ తెగదు, పిల్లకు మాత్రం తలో కాలో ఉండదు. అందుకని కింద 45 సెంటీమీటర్ల వరకు లోపలివైపు చెక్కపలకో రేకో అడ్డంగా బిగించాలి. పిల్లలు దాని వెనక పడుకుంటాయి, బయట తిరిగేదానికి కనబడవు. రాత్రి ఏదో జంతువు చుట్టూ తిరగడం చూసి బెదిరి, ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోవడం కూడా తగ్గుతుంది. గాలి రావడానికి పలక పైన జాలీ ఎలాగూ ఉంటుంది.

బిగించడంలో చాలామంది పొరపాటు చేస్తారు. స్టేపుల్ పిన్నులు నమ్మొద్దు, ఒక్క గుంజుకి ఊడొస్తాయి. వెడల్పాటి వాషర్ పెట్టి, 10 సెంటీమీటర్లకొక స్క్రూ కొట్టండి. జాలీని చట్రానికి బయటివైపే బిగించాలి. అప్పుడు కుక్క తోసినకొద్దీ అది చెక్కకే ఒత్తుకుంటుంది. లోపలివైపు బిగిస్తే ఆ తోపుకే స్క్రూలు వదులవుతాయి. రెండు ముక్కలు కలిసేచోట 5 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేసి, కట్టుతీగతో దగ్గర దగ్గరగా కుట్టేయాలి.

తవ్వి వచ్చేవాటికి లోతుగా కందకం తీయక్కర్లేదు. దొడ్డి చుట్టూ బయటివైపు 50, 60 సెంటీమీటర్ల వెడల్పున మెష్‌ని నేల మీద పరిచి, ఒక అంచు గోడకి కట్టి, రెండో అంచు మీద ఇటుకలు పెట్టండి. కుక్కైనా నక్కైనా గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, అక్కడ తీగ తగలగానే ఇంకోచోట ప్రయత్నిస్తుందే గానీ, రెండడుగులు వెనక్కి వెళ్లి తవ్వాలని దానికి తోచదు. కొన్నాళ్లకి గడ్డి పెరిగి ఆ మెష్‌ని కప్పేస్తుంది. పందికొక్కులు ఉంటే గూటి నేల కింద కూడా మెష్ వేసి, పైన మందంగా మట్టో పొట్టో పరవాలి. ఉత్త తీగ మీద నడిపిస్తే పిల్లల కాళ్లు కన్నుల్లో ఇరుక్కుంటాయి. జరిపే దొడ్డి అయితే కొత్తచోట పెట్టిన ప్రతిసారీ చుట్టూ వంగి చూడండి, ఎగుడుదిగుడు నేల మీద చట్రం కింద వేలు దూరేంత సందు ఉంటే ఎలుకకు అదే దారి.

పైకప్పు వల బిగుతుగా ఉండాలి. వదులుగా వేలాడితే గద్ద దాని మీద వాలగానే వల పిల్లల వీపు దాకా దిగుతుంది. పిల్లులు తిరిగే చోట పైన కూడా మెష్ వేయడమే మేలు. లోపల ఒక పక్క పలక నీడ ఉంచండి. పిల్ల తల పక్కకి వంచి ఒంటి కన్నుతో ఆకాశంలోకి చూస్తూ కదలకుండా నిలబడితే, మీరూ పైకి చూడండి. ఏదో తిరుగుతూ ఉండొచ్చు.

తలుపుకు ఉత్త కొక్కెం చాలదు, కుక్క ముక్కుతో ఎత్తితే ఊడిపోతుంది. గడియ వేసి, దానికి స్ప్రింగు కొక్కెం కూడా తగిలించండి.

సాయంత్రం బాతులు వాటంతటవే రావు, మనమే తోలాలి. పొద్దుగూకడానికి అరగంట ముందు, రోజూ అదే వేళకి, అదే పిలుపుతో పిలిచి గూట్లో మేత వేస్తే వారం పది రోజుల్లో అలవాటవుతుంది. రెండు చేతుల్లో రెండు పొడుగు కర్రలు పట్టుకుని వెనకనుంచి మెల్లగా నడవండి. ఒక్కటి విడిపోతే దాని వెంట పరిగెత్తొద్దు, మందనే కాస్త వెనక్కి మళ్లిస్తే అది వచ్చి కలుస్తుంది. కాళ్లు పట్టి మాత్రం ఎత్తకండి, బాతు కాళ్లు త్వరగా దెబ్బతింటాయి. లోపలికి వెళ్లాక లెక్క చూసి తలుపు వేయండి.

చిందిపోయిన తడి మేత ఆ పూటే ఎత్తేయాలి, మిగతాది మూతున్న ఇనుప డబ్బాలో ఉంచాలి. మేత కోసం ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది, వచ్చాక దానికి పిల్లలు దొరుకుతాయి. ఈకలు రాని పిల్లల్ని చెరువులో వదలకండి, పెద్ద చేపలు, తాబేళ్లు కిందనుంచి లాగేస్తాయి. పెంపుడు కుక్క ఎంత సాధువైనా ఆటగా ఒక్కసారి నోట పట్టుకుంటే చాలు, పిల్ల దక్కదు.

నష్టం జరిగితే గుర్తుల్ని బట్టి ఊహించొచ్చు. పిల్ల ఆనవాలే లేకపోతే పామో పిల్లో కాకో అయ్యుంటుంది. చాలా పిల్లలు చచ్చిపడి, తినకుండా వదిలేసి ఉంటే కుక్కో ముంగిసో. ఏదైనా సరే, రుచి మరిగింది మళ్లీ వస్తుంది, చాలాసార్లు మర్నాటి రాత్రికే. ఆ రాత్రి పిల్లల్ని ఇంట్లో పెట్టెలో పెట్టుకుని, దొడ్డి చుట్టూ రెండు జానల వెడల్పున సన్నటి ఇసుక చల్లి చదును చేయండి. పొద్దున్నే ఆ ఇసుక మీది అడుగులు చూస్తే ఏది వచ్చిందో, ఏ పక్కనుంచి దారి వెతికిందో తెలుస్తుంది. సందు మూయాల్సింది అక్కడే.