మాట రాకముందు చూసేవి

పసిపిల్లల స్పీచ్ థెరపిస్టునని చెబితే ఇక్కడి మనవాళ్ళు చాలామంది నవ్వేస్తారు. "మాటలే రాని వాళ్ళతో నీకేం పనమ్మా?" అంటారు. నా పనంతా ఆ మాటలు రాని రోజుల మీదే. అమెరికాలో వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఐడియా అనే చట్టం ఉంది. అందులోని పార్ట్ సి ప్రకారం మూడేళ్ళలోపు పిల్లల ఎదుగుదల మీద అనుమానం వస్తే, తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోకుండా పరీక్ష చేయాలి. పేరు మా దగ్గరికి వచ్చిన 45 రోజుల్లో ఆ పరీక్షా, బిడ్డకు ఏ సాయం అందించాలో కుటుంబంతో కూర్చుని వేసే మొదటి ప్లానూ రెండూ అయిపోవాలి. బిడ్డకు జ్వరమొచ్చి ఒకసారి, తండ్రికి సెలవు దొరక్క ఇంకోసారి వాయిదా పడేసరికి ఆ గడువు ఇట్టే కరిగిపోతుంది. నాకు అసలు టెన్షన్ అక్కడే.

కారు డిక్కీలో ఓ సంచి ఉంటుంది. కీ ఇచ్చే బొమ్మ, సబ్బు బుడగల సీసా, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అట్ట పేజీల బొమ్మల పుస్తకం, ఒక బంతి. ప్రతి ఇంటి నుంచీ వచ్చాక అన్నీ తుడిచి మళ్ళీ సర్దుకోవాలి, ఎందుకంటే అవన్నీ నోట్లోకి వెళ్ళొచ్చినవే. ఖరీదైనవేం కావు. కానీ ఏడాది దాటిన పిల్లల గురించి కీ ఇచ్చే బొమ్మ చెప్పినంత ఇంకేదీ చెప్పదు.

నేల మీద ఎదురుగా కూర్చుని బొమ్మకు కీ ఇచ్చి వదులుతాను. అది గిరగిరా తిరిగి ఆగిపోతుంది. ఇక నేను ఏమీ చేయను, ఏమీ అనను. ఆ కొన్ని క్షణాలు తల్లిని ఆపడమే పెద్ద పని. "ఇంకా కావాలని అడుగు నాన్నా, అడుగు" అని ఆమె ప్రాణం కొట్టుకుంటుంది. అసలు పరీక్ష ఆ నిశ్శబ్దంలోనే జరుగుతోంది. ఒక పిల్లాడు బొమ్మను చూసి, నా మొహం చూసి, మళ్ళీ బొమ్మను చూస్తాడు, "ఊఁ" అంటూ నా చేతిలో పెడతాడు. ఇంకో పిల్లాడికీ బొమ్మ అంతే కావాలి. కానీ నా మణికట్టు పట్టుకుని చేతిని కీ మీద పెట్టి తోస్తాడు, మొహం వైపు చూడడు. ఇద్దరూ అడిగారు, ఇద్దరికీ మాట లేదు. మొదటివాడు అడిగింది నన్ను, రెండోవాడు నా చేతిని. ఈ ఒక్కదానితో ఏ నిర్ణయానికీ రాను, కానీ నోట్‌బుక్‌లో దాని కింద గీత పడుతుంది.

వేలు చూపించడంలోనూ ఇలాంటి తేడానే ఉంది. కావాలని వేలు చూపడం వేరు, "అదిగో చూడు" అని వేలు చూపడం వేరు. ఎలిజబెత్ బేట్స్, ఆమె తోటి పరిశోధకులు 1975లోనే ఈ రెంటినీ విడదీసి చూపించారు. ఇక్కడి ఆరోగ్య శాఖ సంస్థ సిడిసి 2022లో సవరించిన జాబితాలో అడగడానికి చూపే వేలు 15 నెలల దగ్గర, ఆసక్తిగా ఉన్నదాన్ని మనకు చూపించే వేలు 18 నెలల దగ్గర ఉన్నాయి. తొమ్మిది నెలలకు పేరు పిలిస్తే తిరిగి చూడటం, ఏడాదికి టాటా చెప్పడం కూడా ఆ జాబితాలోవే. నెలలు లెక్కపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త: రెండు నెలలు ముందే పుట్టిన బిడ్డకు తొమ్మిదో నెల వస్తే నేను ఏడు నెలల బిడ్డగానే చూస్తాను. ఇది తెలియక కుమిలిపోయే తల్లులు చాలామంది. ఇక వినికిడి సంగతి. పుట్టినప్పుడు పరీక్షలో పాసయ్యారు కదా అని వదిలేయకూడదు, చెవిలో నీరు చేరినా, వినికిడి తర్వాత తగ్గినా ఆ పాత కాగితానికి తెలియదు.

తెలుగు కుటుంబమైతే ఆఫీసు వాళ్ళు నన్నే పంపుతారు. సాధ్యమైనంతవరకు ఇంటి భాషలోనే పరీక్షించాలని నిబంధన. నేను లేకపోతే ఇంటర్‌ప్రెటర్‌ను పెడతారు, అదీ మంచిదే. కానీ తాతగారు మూలన కూర్చుని "వీళ్ళ నాన్న కూడా మూడేళ్ళకు గానీ నోరు విప్పలేదమ్మా" అని గొణిగితే, దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చి చెప్పాలని ఇంటర్‌ప్రెటర్‌కు తట్టకపోవచ్చు. నాకది కుటుంబ చరిత్ర. అక్కడ పెన్ను ఆపి, "ఎవరైనా పిలిస్తే పలికేవాడా బాబాయిగారూ? మీ వెంట తిరిగి ఏవైనా చూపించేవాడా?" అని అడుగుతాను. ఫారంలోని ప్రశ్నలన్నిటికంటే ఆయన జవాబు నాకు ఎక్కువ పనికొస్తుంది.

ఇలాంటి ఇళ్ళలో తప్పకుండా ఎదురయ్యే మాట ఒకటుంది: "ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడమని ఎవరో చెప్పారండీ." వింటే ఒళ్ళు మండుతుంది. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి, అంతే. పైగా తనకే తడబాటుగా ఉన్న భాషలో అమ్మమ్మ మనవడితో ఎంతసేపు ఊసులాడగలదు? కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంగ్లిష్ ఇళ్ళలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని 'ట', 'త' తేడాను పట్టేశారు. ఆ ధ్వనులు చెవిన పడక, ఏడాది దగ్గరపడేసరికి అలాంటి ఇళ్ళ పిల్లల్లో చాలామందికి అది పోయింది. నా తోటి థెరపిస్టులు ఎంత సాధన చేసినా ఆ 'త' రాదు, నేను పలికితే మురిసిపోతారు. నా ఇంగ్లిష్ యాసను పట్టుకుని ఫోన్‌లో "ఇంకోసారి చెప్తారా" అనే పెద్దవాళ్ళున్నారు గానీ, పసివాళ్ళెవరూ ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.

స్క్రీన్ గురించి అడిగితే నేను పూర్తిగా కఠినంగా ఉండను. 18 నెలల లోపు వద్దని చెప్పే ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం కూడా వీడియో కాల్‌ను మినహాయించింది. ఊళ్ళో ఉన్న నానమ్మ దోబూచులాడితే బిడ్డ కిలకిలా నవ్వి, నవ్వు చూసి ఆమె మళ్ళీ మొహం దాచుకుంటే, అది ఆటే. పాటల వీడియో బిడ్డ నవ్వాడా లేదా చూసుకోదు. పరిశోధకురాలు పెట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనీస్ మాటలు వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడిన మనిషి దగ్గర వాళ్ళు ఆ ధ్వనులు పట్టుకున్నారు, అదే టీవీలో చూపిస్తే పట్టుకోలేదు.

లేచే ముందు "ఈరోజు మామూలుగా ఉన్నట్టే ఉన్నాడా?" అని అడుగుతాను. "లేదండీ, మీరొచ్చారని బిగుసుకుపోయాడు" అంటే ఆ మాట రిపోర్టులోకి ఎక్కాల్సిందే. అలాంటప్పుడు స్నానం దగ్గరో ఆట మధ్యలోనో ఫోన్‌లో వీడియో తీసి చూపించమంటాను. కెమెరా బిడ్డ ఒక్కడి మీదే పెట్టొద్దని, ఎదుటి మనిషి మొహం కూడా కనపడాలని మరీ మరీ చెబుతాను. ఈ సేవలకు అర్హత గీత ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, నాకు అనుమానమున్నా సేవలు దక్కని పిల్లలూ ఉంటారు. వాళ్ళ ఫైలు మూసేటప్పుడు మూడు నెలల తర్వాత మళ్ళీ చూడాలని రాసి, ఎవరికి ఫోన్ చేయాలో తల్లి చేతిలో కాగితం పెట్టి వస్తాను.