పాడేరు బస్సులో చీపురు కట్టలు

లంబసింగి మంచు గురించి రాయను. ఆ ఫోటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి, పైగా గదికి వాళ్లడిగిన అద్దె తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చెప్పాల్సింది తిరుగు దారిలో పాడేరు నుంచి చోడవరం దిగే బస్సు సంగతి.

ఫిబ్రవరి నెల. బస్సు నిండా కొండచీపురు కట్టలే, కాలు పెట్టే చోటు లేదు, ఆ నూగు ముక్కులోకి దూరి ఘాట్ దిగేదాకా ఒకటే తుమ్ములు. చిరాకేసి పక్కనున్న పెద్దావిడని "ఇన్ని అడవిలోంచి ఎలా మోసుకొచ్చారమ్మా?" అని అడిగితే నవ్వేసింది. "అడవివి కాదు బాబూ, మా చేలో ఏసినవే."

తొలకరికి పాత దుబ్బుల నుంచి పిలకలు విడదీసి ఏటవాలు చేలో నాటతారట. మంచి కోత రెండో ఏడు నుంచి, ఆ తర్వాత అదే దుబ్బు కొన్నేళ్లు వస్తుంది, వేళ్లు పట్టుకుంటాయి కాబట్టి వానకి మట్టి కూడా జారదు. సంక్రాంతి దాటాక కోత. ఆలస్యం చేస్తే నూగంతా రాలి పుల్లలు మిగులుతాయి.

అడవిలో అయితే జనం దుబ్బుతో సహా పీకేస్తారంది. "మనం వదిలితే ఇంకోళ్లు పట్టుకుపోతారు కదా!" సొంత చేలో మాత్రం కొడవలితో కోస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం చీపురు లాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకు హక్కు ఇచ్చింది, మంచిదే, కానీ అందరిదీ అయిన చోట కొడవలి పట్టే ఓపిక ఎవరికుంటుంది? నాకైతే చేలో వేసుకోవడమే సరైన దారనిపించింది.

చిక్కంతా ధర దగ్గరే. షావుకారు దగ్గర ముందే డబ్బు తీసుకుంటే సంతలో అతను చెప్పిందే రేటు. ఇలాంటి వాళ్ల నుంచి తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ (జీసీసీ) పెట్టారు, అయినా అర్ధరాత్రి ఇంట్లో జ్వరమొస్తే అప్పిచ్చేది షావుకారే మరి. ఈ ఏడు ఆవిడకి అప్పు లేదు, అందుకే సరుకు తనే కిందికి తీసుకెళ్తోంది, కట్టలకి లగేజీ టికెట్ కొట్టినందుకు కండక్టర్‌ని దారిపొడుగునా సణుగుతూనే ఉంది.

మా వీధిలో నూట ఇరవై చెప్పే కట్ట అరవైకిచ్చింది. వంద నోటిస్తే నలభై లెక్కపెట్టి చేతిలో పెట్టి, "కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాలు పాకించాం, వచ్చే నెల రా. వాటికి బేరం మాత్రం లేదు, ముందే చెప్తన్నా" అంది.