మింగానా, మింగలేదా?

ఒక చేతిలో ఖాళీ గ్లాసు, ఇంకో చేతిలో మాత్రల స్ట్రిప్పు. మాత్ర వేసుకున్నానా, లేదా? గ్లాసు ఖాళీ అయింది కాబట్టి నీళ్లయితే తాగాను. స్ట్రిప్పులో నాలుగు గుంటలు ఖాళీగా ఉన్నాయి. నిన్న ఎన్ని ఖాళీగా ఉన్నాయో గుర్తుంటే కదా! ఆ మాత్ర చేదుగా ఉంటుంది. ఇంకా చేదు మిగిలి ఉందేమోనని నాలుకతో పళ్ల వెనక తడుముకున్నాను. ఏమీ తగల్లేదు. నీళ్లు తాగాక చేదు పోయి ఉండొచ్చు, అసలు మాత్రే వేసుకోకపోయి ఉండొచ్చు. అది స్టెరాయిడ్. మానకూడదు, రెండోసారి వేసుకోకూడదు. అంతా కలిపి పది సెకన్ల కిందటి సంగతి. అది నా తలలో లేదు.

నాకు లూపస్ వచ్చి ఆరేళ్లయింది. ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదికే తిరగబడే జబ్బు అది. కీళ్ల నొప్పులు, నీరసం, ఎండ తగిలితే దద్దుర్లు, ఇవన్నీ మొదట్లోనే చెప్పారు. బుర్ర మసకబారుతుందని, దాన్ని బ్రెయిన్ ఫాగ్ అంటారని మాత్రం ఎవరూ చెప్పలేదు. లూపస్ వల్ల నరాలకు, మెదడుకు, మనసుకు వచ్చే ఇబ్బందులను, కీళ్ల జబ్బులు, లూపస్‌లాంటివి చూసే డాక్టర్ల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 1999లోనే 19 రకాలుగా విడదీసిందట. జ్ఞాపకం, ఏకాగ్రత మందగించడం అందులో ఒకటి. ఈ ముక్క నాకు తెలిసేసరికి మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లూ వయసు అనుకున్నాను, నిద్ర చాలట్లేదనుకున్నాను, బద్ధకం పెరిగిందని నన్ను నేనే తిట్టుకున్నాను.

బ్రెయిన్ ఫాగ్ అంటే మతిమరుపే అనుకుంటారు చాలామంది. మతిమరుపు నాకు ముందునుంచీ ఉంది, దాంతో నాకు పేచీ లేదు. ఇది వేరు. "తాళం" అనే మాట నోట్లోనే ఉంటుంది, బయటికి రాదు. "అదేనండీ, తలుపుకి వేసేది" అంటాను. మా ఆయన నవ్వుతారు, నేనూ నవ్వుతాను, తర్వాత స్నానాల గదిలోకి వెళ్లి ఏడుస్తాను. ఒకే పేరా నాలుగుసార్లు చదివినా అక్షరం ముక్క బుర్రకెక్కదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండూ కలిసి ఉత్త చప్పుడైపోతాయి.

నాది అకౌంట్స్ పని. ఒక షీట్‌లో అంకె చూసి, కళ్లు పక్క షీట్ మీదికి తిప్పేలోపు ఆ అంకె జారిపోయేది. ఒకసారి 54,300ని 45,300 అని వేశాను. తేడా 9,000. తేడాని తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోయిందంటే, పక్కపక్క అంకెలు తారుమారై ఉంటాయని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లందరికీ నేర్పింది నేనే. ఆ రోజు మధ్యాహ్నమంతా ఆ తేడా కోసం వెతికాను. ఆ చిట్కా నాకు తట్టనే లేదు. చివరికి నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే పట్టుకుంది. "ట్రాన్స్‌పోజిషన్ అనుకుంటా, మేడమ్" అని మెల్లగా అంది. అంత మెల్లగా చెప్పినందుకే ఇంకా సిగ్గేసింది.

మొదట కలిసిన డాక్టర్ టెన్షన్ తగ్గించుకోమన్నారు. రెండో ఆయన కాస్త నయం, జ్ఞాపకశక్తికి ఒక టెస్టు పెట్టించారు. మోకా అంటారు, పది నిమిషాల్లో అయిపోతుంది. మొత్తం 30 మార్కులు, 26 దాటినా, సరిగ్గా 26 వచ్చినా నార్మల్ కిందే లెక్క. గడియారం బొమ్మ గీయాలి, బొమ్మల్లో జంతువుల పేర్లు చెప్పాలి, ఐదు మాటలు విని కాసేపయ్యాక తిరిగి చెప్పాలి. వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ పోవాలి. 93, 86, 79... అక్కడితో ఆగిపోయాను. దేనిలోంచి ఏం తీస్తున్నానో తెలియలేదు. పద్దెనిమిదేళ్లుగా లెక్కలు రాసి బతుకుతున్న మనిషిని! ఐదు మాటల్లో మూడే చెప్పగలిగాను. అయినా 27 వచ్చింది. "నార్మలే అమ్మా, కంగారు పడకండి" అన్నారు.

ఆ మాటకి సంతోషించాలి కదా, నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఇల్లు చేరాక తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. ఆ టెస్టు ముఖ్యంగా పెద్దవయసులో డిమెన్షియా వైపు వెళ్తున్నవాళ్లను ముందే గుర్తించడానికి పుట్టింది. నిశ్శబ్దంగా ఉన్న గది, ఎదురుగా ఒకే మనిషి, పది నిమిషాల పని. నా తల మొరాయించేది నాలుగో గంటలో, ఫోన్లు మోగుతుంటే, ఎవరో పక్కనుంచి ఇంకేదో అడుగుతుంటే.

ఇదే మాట కాగితం మీద రాసుకుని మా రుమటాలజిస్టుకి చదివి వినిపించాను. నోటితో చెప్తే సగం మర్చిపోతానని భయం. ఆవిడ న్యూరోసైకాలజీ పరీక్షకి పంపారు, అంటే జ్ఞాపకం, వేగం, భాష లాంటివి విడివిడిగా కొలిచే పరీక్ష. మూడు గంటలు పట్టింది, మధ్యలో రెండుసార్లు టీకి వదిలారు. అంకెలు వెనక నుంచి చెప్పమన్నారు, గుర్తులు చూసి గబగబా అంకెలు నింపమన్నారు, ఇంకా ఏవేవో. భాష, పాత జ్ఞాపకాలు, తర్కం బాగానే ఉన్నాయి. వేగం తగ్గింది. చేతిలో పని జరుగుతుండగా తలలో పట్టి ఉంచుకునే శక్తి తగ్గింది. "మీ బీరువాలో సామానంతా ఉందండీ, ముందున్న బల్లే చిన్నదైంది" అని చెప్పింది ఆ సైకాలజిస్టు. అప్పటిదాకా బీరువా ఖాళీ అవుతోందని హడలిపోతున్నాను నేను.

తర్వాత రుమటాలజిస్టు చేసిన పని మాత్రం అందరికీ చెప్పాలి. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ అన్నీ రాశారు, రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు కూడా చూశారు. నాకు ఐరన్ తక్కువని తేలింది. దానికంటే ముఖ్యం, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మన్నారు. ఒక్కొక్కటీ బల్ల మీద పెడుతుంటే పాత రకం అలర్జీ మాత్ర దగ్గర ఆగారు. దద్దుర్ల దురదకి ఎప్పుడో ఎవరో రాశారు, ఏడాదిగా రోజూ రాత్రి వేసుకుంటూనే ఉన్నాను. ఆ రకం మాత్రలు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనికి అడ్డుపడతాయి. జ్ఞాపకానికి మెదడు వాడుకునేవాటిలో అదొకటి. ఆ మాత్ర ఆపి, మగత తక్కువుండే కొత్త రకం ఇచ్చారు. సాయంత్రం వేసుకునే స్టెరాయిడ్ పొద్దుటికి మార్చారు, రాత్రి నిద్ర పట్టేలా. మూడు వారాల్లో తలలో ఒక కిటికీ తెరిచినట్టయింది. ఒక కిటికీయే, ఇల్లంతా కాదు. ఇది చదివి ఎవరూ సొంతంగా మందులు ఆపేయకండి. స్టెరాయిడ్ అయితే హఠాత్తుగా ఆపడం చాలా ప్రమాదం.

మిగిలిన మసకతో బతకడం నేర్చుకోవాల్సి వచ్చింది. మొదట నాలుగు యాప్‌లు, ఫోన్ అలారాలు, ఫ్రిజ్ మీద చీటీలు, అన్నీ పెట్టాను. ఎక్కడ రాశానో గుర్తులేక వాటి మధ్యే తిరిగేదాన్ని. ఇప్పుడు ఒక్కటే పుస్తకం. అందులో లేనిది ఈ లోకంలో లేనట్టే. మెదడుకి పదును పెట్టే ఆటలని ఒక యాప్ కొని రెండు నెలలు ఆడాను. ఆ ఆటలో ఆరితేరాను. తాళాలు మాత్రం దొరకలేదు. అలారం విషయంలో ఒక నియమం పెట్టుకున్నాను: పని అయ్యేదాకా దాని నోరు మూయించను. మోగగానే ఆపేసి, ఎందుకు మోగిందో మర్చిపోయిన రోజులు బోలెడు. మాత్రలకి వారానికి సరిపడా గడులున్న డబ్బా కొన్నాను, ఆదివారం నింపుతాను. వేసుకున్నానా లేదా అన్నది ఇప్పుడు ఆ గడే చెప్తుంది.

ఆఫీసులో చెప్పడానికి నెల పట్టింది. జబ్బు చరిత్రంతా చెప్పబోయి మానేసి, నాకేం కావాలో మూడు వాక్యాల్లో చెప్పాను. పని మాటల్లో కాకుండా మెయిల్‌లో పంపండి. పొద్దున మొదటి రెండు గంటలు టాలీ చేసే పనికే వదిలేయండి. మీటింగ్‌లో వెంటనే జవాబు అడక్కండి. మేనేజర్ ఒప్పుకున్నారు. ఒకావిడ మాత్రం "మాకూ అంతే, మేమూ అన్నీ మర్చిపోతాం" అంది. మంచి మనసుతోనే అంది, కానీ ఆ ఒక్క మాట విన్నాక ఇంకేం చెప్పబుద్ధి కాదు.

అన్నిటికంటే కష్టం బాగున్న రోజు. తల తేటగా ఉంటే పెండింగ్ పనులన్నీ ఒకేసారి మీదేసుకుంటాను, తర్వాత మూడు రోజులు మంచం మీదే. ఓపిక ఇంకా ఉండగానే ఆపేయమని రుమటాలజిస్టు చెప్పారు. పది రోజుల్లో ఆరు రోజులు ఆపగలుగుతున్నానేమో. రోజూ కాస్త నడక నాకు మేలు చేసింది. ఎంత విశ్రాంతి తీసుకున్నా నీరసం తగ్గని క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి మాత్రం శ్రమ పెరిగితే జబ్బే ముదరొచ్చు, అందుకని నా నడకని ఎవరికీ సలహాగా చెప్పను.

పోయిన నెల లెక్కల్లో మళ్లీ 2,700 తేడా వచ్చింది. సాయంత్రం నాలుగు దాటింది, ఆఫీసంతా గోల, తల అప్పటికే బరువెక్కింది. స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఎందుకో పుస్తకం తీసి 2,700ని తొమ్మిదితో భాగించాను. మూడొందలు, శేషం లేదు. 6,300 ఉండాల్సిన చోట 3,600 వేశాను. ఆ అమ్మాయి అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది.